చిలక కొరికిన జామకాయలు

తండా, ఏన్కూరు మండలం
24 నవంబర్ 2024, ఆదివారం

తమ్ముడు దస్రుకు,

అక్క బాలి రాస్తున్నది. ఇక్కడ అందరం తిని తిరుగుతూనే ఉన్నాం. నువ్వు తింటున్నావో లేదో ఫోన్ ఎత్తితే కదా తెలిసేది! ఈ నెలలో ఏడుసార్లు చేశాను. అయిదుసార్లు ఎత్తలేదు. ఒకసారి ఎత్తి కోసేశావు. ఇంకోసారి "ఆఁ... ఆఁ... సరే" అన్నావు. నేను అడిగింది, యాడి పోయిన తిథికి వస్తావా రావా అని. నువ్వు సరే అంటే అమ్మకు పెట్టే అన్నంతో పాటు నీకూ వండి సాయంత్రం దాకా చూశాం. రాలేదు.

దసరా నాడు మీ బావ బలరాంతో అయిన గొడవ ఇంకా కడుపులోనే పెట్టుకున్నావా? ఆయన తాగి నా బిడ్డ లాలిని మూగది అన్నాడు. నువ్వు తాగకుండానే ఆయన్ని కొట్టావు. ఇద్దరిలో ఎవరిది పెద్ద తప్పో నాకు తెలియదు. నాతో మాట్లాడకపోవడం మాత్రం నీ తప్పే.

ఇప్పుడు అసలు సంగతి. లాలికి మూడున్నరేళ్లు నిండాయి. నోట్లో ఒక్క మాట లేదు. దాని ఈడు పిల్లలు ఫోన్లో పాట మార్చమని అమ్మలతో తగువు పడుతున్నారు. ఇది నా చీర కొంగు పట్టి లాగుతుంది, అంతే. మా అత్త నలుగురినీ అడిగి వచ్చింది. చిలక కొరికిన జామకాయ ఇరవై ఒక్క రోజులు తినిపిస్తే మాటలు వస్తాయట. మన అడవి అంచున చిలకలకేం కొదవ, రోజూ కొరికి పడేసినవి ఏరి పెడతానన్నాను. అత్త ఒప్పుకోలేదు. "అడవి చిలక కొరికింది తింటే అడవి కూతలే వస్తయి. మనుషుల నడుమ పెరిగిన చిలక కావాలె" అంది.

కూరగాయల ట్రాలీ తోలే బద్యా కాక చెప్పాడు, నీ గదిలో చిలక ఉందట. "దస్రుగాడు పెండ్లి చేసుకోడు, చిలకతోటి కాపురం చేస్తుండు" అని తండా అంతా నవ్వించాడు. నవ్వితే నవ్వనీ. ఆ చిలకతో కొరికించి జామకాయలు పంపు. కాక ప్రతి వారం ఖమ్మం వస్తాడు కదా, ఉత్తరం ఆయన చేతికే ఇస్తున్నాను.

కోపం లేని మీ అక్క,
బాలి

*

ఖమ్మం
1 డిసెంబర్ 2024

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను, కోపం తగ్గుతుందేమో అని. తగ్గలేదు. మన భాషలో రాద్దామంటే దానికి అక్షరాలు లేవు. అందుకే తెలుగులోనే తిడుతున్నాను, సర్దుకో.

ముందు ఫోన్ సంగతి. స్పీకర్ పోయింది. బాగు చేయించను. ఏమన్నా ఉంటే ఇట్లాగే రాయి. రాస్తే, ఎవరు ఏమన్నారో కాగితం మీద నిలబడి ఉంటుంది. నీ మొగుణ్ణి కొట్టినందుకు నాకు బాధ లేదు. ఇంకొకసారి ఆ మాట అంటే ఇంకొకసారి కొడతాను.

నా పని ఎట్లా ఉందని నువ్వు అడగలేదు. అయినా చెబుతాను. ఆరు కట్టర్లు ఒకే రేకుల షెడ్డులో తిరుగుతాయి. బ్లేడు రాయిని తాకినప్పుడు పళ్లు జివ్వుమంటాయి. పన్నెండు గంటలు అదే. చెవులకు పెట్టుకునే డిప్పలు ఆఫీసు గోడకు మేకుకు వేలాడుతుంటాయి. పెద్దాఫీసర్లు చూడటానికి వచ్చిన రోజు తీసి పంచుతారు, వాళ్ల జీపు గేటు దాటగానే లెక్కపెట్టి మళ్లీ మేకుకు తగిలిస్తారు. అరిగిపోతాయని వాళ్ల భయం. మనుషులు అరిగినా ఫర్వాలేదు.

ఇక చిలక. అది నేను కొన్నది కాదు, పట్టింది కాదు. రోడ్డు వెడల్పు చేస్తామని మా ఫ్యాక్టరీ ముందర చెట్లు కొట్టారు. తొర్రలో నుంచి పిల్ల కింద పడింది, రెక్క విరిగింది. కాంట్రాక్టర్ మనుషులు చుట్టూ నిలబడి ఫోన్లలో తీసుకుంటున్నారు. నేను టిఫిన్ గిన్నెలో పెట్టుకుని వచ్చేశాను. చిలకను పెంచితే కేసు అవుతుందని నాకూ తెలుసు. రెక్క అతికితే అది పడిన చోటే వదిలేద్దామనుకున్నాను. అతికింది, కానీ వంకరగా. ఎగరబోతే గోడకు తగులుతుంది. ఇప్పటికి ఏడాది. పంజరం ఉంది కానీ దాని తలుపు తీసే ఉంటుంది. కిటికీకి ఇనుప జాలీ కొట్టించాను.

పేరు మేస్త్రి. పని చేయదు, పైన కూర్చుని చూస్తుంది, నచ్చకపోతే కరుస్తుంది. ఇంకేం పేరు పెడతాం?

అది మాట్లాడదు అక్కా. ఒక్క ముక్క కూడా రాదు. వస కొమ్ము అరగదీసి నాలుకకు రాయమని పక్క గది కొండమ్మ ఒకసారి గిన్నెతో సహా వచ్చింది. వెళ్లగొట్టాను. దానికి మాటెందుకు? నేను షిఫ్ట్ దిగి వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంటాను. నేను ఏమీ అనను, అదీ ఏమీ అనదు. నా చొక్కా అంచు ముక్కుతో పట్టుకుని మెట్టు మెట్టుగా ఎక్కి భుజం మీదకు వస్తుంది. మెడ పక్క ఎముక మీద గడ్డం ఆనించి ముక్కు నూరుకుంటుంది. ఆ నూరుడు సన్నటి వణుకై నా ఎముకలోకి దిగుతుంది. నిద్ర వస్తోంది, అంతా బాగానే ఉంది అని దాని అర్థం. తల వంచి మెడ మీద ఈకలు విప్పితే గోకమని. తప్పు చోట గోకితే వేలు కొరుకుతుంది, రక్తం వచ్చేంత కాదు, తప్పు దిద్దేంత. కోపం వస్తే కంటిపాప ఆవగింజంత అవుతుంది. అప్పుడు దూరంగా ఉండాలి. నాకు కోపం వచ్చినప్పుడు అదీ దూరంగానే ఉంటుంది. ఫ్యాక్టరీలో నాతో మాట్లాడేవాళ్లు యాభై మంది ఉన్నారు, నా కంటిపాప చూసినవాడు ఒక్కడూ లేడు.

ఇంకోటి. అది జామకాయ ముట్టదు. పచ్చిమిరప గింజలు తింటుంది, పల్లీలు తింటుంది, ఎడమ కాలితో పట్టుకుని. కాబట్టి మీ అత్త వైద్యం కుదరదు. బిడ్డను దవాఖానాకు తీసుకుపో.

దస్రు

*

తండా
8 డిసెంబర్ 2024

దస్రు,

నీ ఉత్తరం బద్యా కాక తెచ్చి ఇచ్చాడు. చిలక మీద రెండు పేజీలు రాశావు. నీ మేనకోడలి మీద ఒక్క లైను. ఆ ఒక్క లైనూ దవాఖానాకు తీసుకుపో అని, బర్రెను తీసుకుపో అన్నట్టు.

మాట్లాడదు అని రాశావు. ఎందుకు అబద్ధం? కాక నీ గది బయట నిలబడినప్పుడు లోపల ఎవరో గట్టిగా మాట్లాడుతున్నారట. తలుపు తీస్తే నువ్వూ చిలకా తప్ప ఇంకెవరూ లేరట. "ఆ గొంతు దస్రుది కాదు బిడ్డా, వాడు గంత గట్టిగ ఎన్నడు మాట్లాడిండు, చిలకనే" అని ఒట్టు పెట్టి చెబుతున్నాడు. ఇవ్వడం ఇష్టం లేకపోతే ఇవ్వనని రాయి. మాట్లాడదు, జామకాయ ముట్టదు అని సాకులు ఎందుకు? నేనేమన్నా నీ చిలకను అడిగానా? దాని ఎంగిలి అడిగాను.

మా అత్త ఉత్తరం చదివించుకుని విని ఏమందో రాస్తాను, సిగ్గు పడు. "నీ తమ్ముడు పట్నం పోయి చిలకకు అన్న అయిండు. నీకు తమ్ముడు కాలేకపోయిండు."  

ఇక్కడ ఎట్లా ఉందో నీకు తెలియదు. పిలుపులకు పోతే ప్రతి ఒక్కరూ లాలి గడ్డం పట్టుకుని "నీ పేరేంది బిడ్డా" అంటారు. అది వాళ్ల నోటి వైపు చూసి నవ్వుతుంది. వాళ్లు నా వైపు చూస్తారు. మీ బావ ఇప్పుడు దాన్ని ఎత్తుకుని బయటకు పోవడం మానేశాడు.

మన పెరటి చెట్టువి పన్నెండు జామకాయలు పంపుతున్నాను. దోరవి. పేపర్లో చుట్టి, బుట్టలో గడ్డి వేసి పెట్టాను. మేస్త్రో గీస్త్రో, దాంతో ఒక్కొక్కటీ కొరికించు. అదే బుట్టలో వెనక్కి పంపు. ఇంతకంటే బతిమాలడం నాకు రాదు.

బాలి

*

ఖమ్మం
11 డిసెంబర్ 2024

అక్కా,

బుట్ట పంపుతున్నాను. పన్నెండుకు పన్నెండూ కొరికి ఉన్నాయి. సాకు చెప్పానన్నావు కదా, చూసుకో. కావాలంటే ఇంకా పంపు.

మీ అత్తకు చెప్పు, నేను నీ తమ్ముణ్ణే.

దస్రు

*

తండా
5 జనవరి 2025

బంగారు తమ్ముడికి,

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. మూడు బుట్టలు వచ్చాయి, మూడూ అయిపోయాయి. ఇరవై ఒక్క రోజులు పూర్తయ్యాయి. పందొమ్మిదో రోజున లాలి "మ్మా" అంది! నేను రొట్టెలు కొడుతున్నాను, వెనక నుంచి వచ్చి నా వీపుకు ముఖం ఆనించి "మ్మా... మ్మా" అని రెండుసార్లు. మీ బావ మంచం మీద నుంచి లేచి వచ్చాడు. ఆ రోజు దాన్ని భుజాల మీద ఎక్కించుకుని తండా మూడు చుట్లు తిప్పాడు. నీకు చెప్పమన్నాడు: "వానికి చెప్పు, వాడు నన్ను కొట్టింది నేను మర్చిపోయిన." నువ్వు కూడా మర్చిపో.

నీ మీద ఏవేవో అనుకున్నాను. కాలు మొక్కలేను, చిన్నవాడివి. జామకాయలు మాత్రం ఏదో నూనె వాసన వచ్చాయి. అత్తను అడిగితే "చిలక నోటి వాసన గట్లనే ఉంటది" అంది. కడగకుండా పెట్టాను, కడిగితే గుణం పోతుందని.

అంగన్‌వాడీ నాగలక్ష్మి టీచర్ ఒకటే పోరు పెట్టింది. డిసెంబర్ ఇరవైన మండలంలో చెవుల డాక్టర్లు వస్తున్నారు, పిల్లను తీసుకురా, చీటీ రాసి ఇస్తానంది. జామకాయలు మధ్యలో ఆపకూడదని పోలేదు. పోకపోవడమే మంచిదైంది. మా అత్త టీచర్‌ను అడిగింది, "పిల్ల పిండి మర తిరిగితే చాలు ఉరికిపోతది, చెవులకేమైంది తల్లీ" అని. నిజమే. మర నడుస్తున్నంత సేపూ దాని డబ్బాకు రెండు అరచేతులూ ఆనించి కళ్లు మూసుకుని నిలబడుతుంది. ట్రాక్టర్ వస్తే అందరికంటే ముందు గుమ్మంలో ఉంటుంది. మాట్లాడితే మన పెదవులే చూస్తుంది, కళ్లు తిప్పదు. రాత్రి దీపం ఆర్పితే మాత్రం ఏడుస్తుంది. అంత తెలివిగల పిల్లను మూగది అన్నారు.

ఇంకో ఇరవై ఒక్క రోజులు పెడితే పూర్తి మాటలు వస్తాయట. పదిహేను కాయలు పంపుతున్నాను. మేస్త్రికి కిలో పల్లీలు కూడా. ఇంట్లో మొదటి ముద్ద దానిదే అని నా తరఫున చెప్పు.

నీ అక్క,
బాలి

*

ఖమ్మం
9 జనవరి 2025

అక్కా,

ఈ ఉత్తరం ఒంటరిగా కూర్చుని చదువు. మీ అత్తకు వినిపించకు. పూర్తిగా చదివాక తిట్టు.

జామకాయలు మేస్త్రి కొరకలేదు. నేను కొరికాను. నోటితో కూడా కాదు, పట్టకారుతో. చిలకకు పెట్టి చూశాను, ముక్కుతో కిందికి తోసేసింది. నువ్వు రాసిన మాటలకు ఒళ్లు మండి, ఫ్యాక్టరీలో బోల్టులు తిప్పే పట్టకారు తీసుకుని ఒక్కొక్క కాయకు రెండు మూడు చోట్ల గిల్లాను. చిలక కాటులాగే వచ్చింది. ఆ నూనె వాసన గ్రీజుది. నా బిడ్డలాంటి దానికి గ్రీజు తినిపించాను. ఒకసారి చేసి ఆపేస్తే కోపంలో చేశానని చెప్పుకునేవాణ్ణి. మూడు బుట్టలు చేశాను. నువ్వు సంతోషంగా ఉంటావు కదా, ఏం పోతుంది అనుకున్నాను.

ఏం పోయిందో నీ ఉత్తరం చదివితే తెలిసింది. ఇరవయ్యో తారీఖు పోయింది.

రెండోది. నా ఫోన్ స్పీకర్ బాగానే ఉంది. పోయింది నా చెవులు. ఏడాదిన్నర అవుతోంది. ముందు పొద్దుటి పిట్టల కూతలు పోయాయి. తరువాత కొండమ్మ గదిలో కుక్కర్ విజిల్ పోయింది. ఇప్పుడు ఫోన్లో నీ గొంతు నీళ్లలో మునిగి మాట్లాడినట్టు ఉంటుంది. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదవులు చూసి సగం పట్టుకుంటాను, మిగతా సగం ఊహిస్తాను. అందుకే "ఆఁ, సరే". యాడి తిథి అని నాకు వినపడలేదు అక్కా. వినపడి ఉంటే నడిచైనా వచ్చేవాణ్ణి.

బద్యా కాక విన్న గొంతు నాదే. నా మాట నాకు వినపడక గట్టిగా అరుస్తున్నానట. కొండమ్మ కూడా అంది, "ఏందిరా దస్రు, పక్క గదిల ఉన్న మాకు జెప్తున్నవా" అని. కాక తలుపు కొట్టినా నాకు తెలియలేదు. మేస్త్రి చెప్పింది. తలుపు దగ్గర చప్పుడైతే అది ఈకలన్నీ ఒంటికి అంటించుకుని సన్నగా కర్రలాగా నిలబడి తలుపు వైపే చూస్తుంది. అప్పుడు నేను లేచి తీస్తాను. నీళ్ల ట్యాంకర్ వస్తే కిటికీ వైపు తిరుగుతుంది. అన్నం పొంగితే పొయ్యి వైపు. నేను ఎటు చూడాలో అటు చూస్తుంది. అది కావాలని చేస్తోందా, దాని భయం అదా, నాకు తెలియదు. నాకు మాత్రం ఆ గదిలో చెవులు అదే.

ఎవరికీ ఎందుకు చెప్పలేదంటే, చెబితే కట్టర్ మీద నుంచి దింపుతారు, వేరే పని ఇవ్వరు. నాకంటే ముందు ఇద్దరికి అదే అయింది. వాళ్లను చెవిటోళ్లని నవ్వుతుంటే నేనూ పక్కన నిలబడి నవ్వాను.

ఇప్పుడు నువ్వు రాసిన నీ మాటలే మళ్లీ చదువు. మరకు అరచేతులు ఆనిస్తుంది. నేను కట్టర్ మోటారు సరిగా తిరుగుతోందో లేదో అట్లాగే చూస్తాను. ట్రాక్టర్ ముందే తెలుస్తుంది. నాకూ తెలుస్తుంది, అరికాళ్లకు. పెదవులు చూస్తుంది. దీపం ఆర్పితే ఏడుస్తుంది, ఎందుకంటే చీకట్లో దానికి మీరెవరూ ఉండరు. "మ్మా" అన్నది వీపుకు ముఖం ఆనించి. రొట్టె కొడుతుంటే నీ వీపు వణకడం దానికి బాగుంది. నాకు మేస్త్రి ముక్కు నూరినట్టు.

నేను డాక్టర్‌ను కాను. ఎనిమిదో తరగతి చదివినవాణ్ణి. కాబట్టి నా మాట నమ్మకు, నువ్వే చూసుకో. లాలి మట్టిలో కూర్చుని ఆడుకుంటున్నప్పుడు వెనక నుంచి పో. నీ నీడ దాని ముందు పడకూడదు. అడుగు గట్టిగా వేయకు. మంచం మీద ఉంటే వద్దు, మంచం వణుకుతుంది. స్టీల్ పళ్లెం చేత్తో ఎత్తి పట్టుకుని గరిటెతో కొట్టు. నేలకు తగలనీయకు. తిరిగి చూస్తే, నేను వచ్చి నీ కాళ్లు పట్టుకుంటాను. తిరగకపోతే, మరునాడే ఖమ్మం బస్సు ఎక్కు. చెవులకు వైద్యం చిన్నప్పుడే చేయాలట, ఆలస్యమైతే మాట రావడం కష్టమట. నా గురించి అడగడానికి పోయి, మందుల షాపు అతన్ని పిల్లల గురించి అడిగి వచ్చాను.

పల్లీలు వెనక్కి పంపుతున్నాను. అది సంపాదించినవి కావు.

దస్రు

*

తండా
2 ఫిబ్రవరి 2025

దస్రుకు,

మూడు వారాలు రాయలేదు. రాస్తే ఏం రాస్తానో అని భయపడి రాయలేదు. పట్టకారు అనే మాట కనపడ్డ చోట కాగితం నలిపేశాను, మళ్లీ సాపు చేసి చదివాను. నా బిడ్డతో ఆడుకున్నావు. నీ చెవులు వినపడని సంగతి నా దగ్గర దాచావు. ఈ రెండింటిలో దేనికి ముందు కొట్టాలో తేలక ఆగాను.

పళ్లెం ఆ రోజే కొట్టాను. నువ్వు చెప్పినట్టే. లాలి వాకిట్లో పుల్లతో గీతలు గీస్తోంది. మొదటి దెబ్బకు కోళ్లు చెల్లాచెదురయ్యాయి. కుక్క లేచి నిలబడింది. మా అత్త లోపలి నుంచి "ఎవరికేమైందే" అని బయటకు వచ్చింది. లాలి ఇంకో గీత గీసింది. మళ్లీ కొట్టాను. మళ్లీ గీసింది. పుల్ల విరిగితే ఇంకో పుల్ల కోసం పక్కకు చూసి, నన్ను చూసి నవ్వింది.

ఎవరికీ చెప్పలేదు. పది రోజులు అట్లాగే మోశాను. తరువాత ఒక రోజు మళ్లీ కొట్టి చూస్తుంటే మీ బావ నా చేతి నుంచి పళ్లెం లాక్కుని తను కొట్టాడు. గరిటె వంగిపోయేదాకా కొట్టాడు. తరువాత పోయి దాని ముందు మట్టిలో కూర్చున్నాడు.  లాలి ఆయన మీసం పట్టుకుని లాగింది. "నేను తిట్టిన తిట్లన్నీ దీనికి వినపడలే గద" అన్నాడు. 

నాగలక్ష్మి టీచర్ చీటీ రాసి ఇచ్చింది. మా అత్త మూడు రోజులు అన్నం తినలేదు. తనే నా బిడ్డ కాలం తినేసిందని. చివరికి నేనే తినిపించాను. ఎవరి మీద అరవాలి? అందరం మంచికే చేశామని అందరికీ తెలుసు, నువ్వు తప్ప. నువ్వు కోపంతో చేశావు.

పదో తారీఖు సోమవారం పొద్దుటి బస్సుకు వస్తున్నాం, నేనూ మీ బావా లాలీ. బస్టాండ్‌కు రా. ఒక షరతు. దాని పక్క కుర్చీలో నువ్వూ కూర్చుని నీ చెవులు చూపించుకోవాలి. లేకపోతే నీ గడప తొక్కం. ఇది మీ బావ మాట కూడా: "వాన్ని గూడ చూపియ్యి. లేకుంటే ఈసారి నేను కొడత."

బాలి

*

తండా
17 మార్చి 2025

తమ్ముడికి,

మొన్న శనివారం లాలిని నీ దగ్గర వదిలి వచ్చినప్పటి నుంచి మిరప కోతలే. వేళ్లు మండుతున్నాయి, ఉత్తరం మీద కారం మరకలు ఉంటే ముక్కు దూరం పెట్టి చదువు. రెండో కోత ఆగదు కాబట్టి వచ్చాను కానీ, నా ప్రాణం నీ గదిలోనే ఉంది. నెల రోజులు దాని పక్కనే పడుకుని ఇప్పుడు కోత అయ్యేదాకా ఎనిమిది రోజులు వదిలి ఉండటం ఇదే మొదలు. నీకు పని లేకపోవడం నాకు కలిసి వచ్చింది అని రాయబోయి ఆగాను. చెవుల రిపోర్టు చూపించగానే రేపటి నుంచి రావద్దన్నవాళ్ల చేతులు పడిపోను. నువ్వూ నీలాగే చెవులు పోయిన మిగతా పదకొండు మందీ రిపోర్టులు పట్టుకుని లేబర్ ఆఫీసుకు పోయిన సంగతి మీ బావ ఇక్కడ అందరికీ చెప్పుకుంటున్నాడు, తనే పోయినట్టు.

డాక్టరమ్మ చెప్పింది నువ్వు పెదవులు చూసి సగమే పట్టుకుని ఉంటావు, అందుకే రాస్తున్నాను. లాలి చెవుల మిషన్లు పొద్దున లేవగానే పెట్టాలి, పడుకునేదాకా తీయకూడదు. అది పీకేస్తుంది, మళ్లీ పెట్టు. చెవిలో కుయ్యిమంటే సరిగా దిగలేదని అర్థం, ఆ చప్పుడు నీకు వినపడదు కాబట్టి కొండమ్మను పిలువు. స్నానానికి ముందు తీయి. ఆరు నెలలు ఇట్లా చూసి, చాలకపోతే హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి చెవి లోపల పెట్టే మిషన్. అయిదేళ్లు నిండేలోపు అది తేల్చాలంది. ఇప్పటికి మూడు వారాలైంది పెట్టి. పళ్లెం కొట్టినా ఇంకా తిరగలేదు. డాక్టరమ్మ అంది, "విన్నా అది చప్పుడని పాపకు తెలియదమ్మా, తెలిసేదాకా ఓపిక పట్టాలి." ఓపిక పడుతున్నాను. ఇంకెంత పట్టాలో ఆమె చెప్పలేదు.

ఒక సంగతి నీకు చెప్పలేదు. మొదటి రోజు నువ్వు పాలకు పోయినప్పుడు లాలి మేస్త్రి ఎదురుగా కూర్చుంది. కరుస్తుందని నేను లేవబోయాను. లాలి చెయ్యి చాపలేదు, "రా" అన్నట్టు పెదవులు కదపలేదు, మనలాగా చప్పట్లు కొట్టలేదు. ఊరికే కూర్చుని దాని కళ్లలోకి చూసింది. అది తల ఒక పక్కకు వంచింది. లాలి కూడా వంచింది. అరగంట అట్లాగే. చివరికి అదే దిగి వచ్చి దాని మోకాలు ఎక్కింది. మెడ వంచింది. ఎక్కడ గోకాలో నా బిడ్డకు ఎవరూ చెప్పలేదు దస్రు. నీకు ఏడాది పట్టింది అన్నావు కదా. నేను తలుపు చాటుకు పోయి ముక్కు చీదుకున్నాను.

లాలి దిగులు పడితే నా పాత చీర మేకుకు ఉంది, కప్పు.

అక్క

*

ఖమ్మం
20 మార్చి 2025

అక్కా,

లాలి బాగుంది. తింటోంది. మిషన్లు రోజుకు ఇరవైసార్లు పీకుతోంది, ఇరవై ఒక్కసార్లు పెడుతున్నాను. నా చెవి మిషన్ కూడా ఒకసారి పీకి తన నోట్లో పెట్టుకుంది. కడిగితే పోతుందన్నారని గుడ్డతో తుడిచి మళ్లీ పెట్టుకున్నాను. నేనింకా దానికి అలవాటు పడలేదు. మనుషులు ఇంత చప్పుడు చేస్తారని మర్చిపోయాను. వంట చేసేటప్పుడు తీసి పక్కన పెడుతున్నాను, గిన్నెల మోత భరించలేక.

లేబర్ ఆఫీసులో వచ్చే నెల పదికి రమ్మన్నారు. పన్నెండు మందిమీ పోతాం. ఆ చెవుల డిప్పలు మేకుకు వేలాడుతున్న ఫోటో ఒకడు ముందే తీసి పెట్టాడు. మేనేజర్ ఫోన్ చేసి ఏదో అన్నాడు. వినపడలేదని చెప్పాను, ఈసారి నిజంగానే బాగా వినపడింది.

ఇప్పుడు జరిగింది రాస్తాను. ఇంకా పది నిమిషాలు కూడా కాలేదు. బద్యా కాక బయట ట్రాలీలో కూర్చుని హారన్ కొడుతున్నాడట, కొండమ్మ వచ్చి చెప్పింది. కొట్టనీ.

పొద్దున పది అయింది. నేను పొయ్యి దగ్గర పప్పు తాలింపు పెడుతున్నాను. నా మిషన్ తీసి ఉంది. వీపు కిటికీ వైపు. లాలి నా ఎదురుగా నేల మీద కూర్చుని పల్లీలు వలుస్తోంది, ముఖం నా వైపే ఉంది. మేస్త్రి నా వెనక కిటికీ పట్టె మీద ఉంది, లాలికి నేనే అడ్డం, దానికి కనపడదు. వలుస్తున్న పల్లీ ఆగిపోయింది. లాలి తల ఎత్తింది. నా వైపు కాదు. నా పక్క నుంచి వంగి, వెనక కిటికీ వైపు చూసింది. కళ్లు ఇంత చేసుకుని.

నేను కూడా తిరిగి చూశాను. మేస్త్రి ముక్కు తెరిచి ఉంది, ఒళ్లంతా ఉబ్బి ఉంది. జాలీ బయట గోడ మీద పిల్లి. మేస్త్రి అరుస్తోంది. నాకు ఏమీ వినపడలేదు, తాలింపు చిటపట కూడా. దాని అరుపు వినపడింది ఆ గదిలో లాలికి.

నమ్మలేదు. పిల్లి కనపడి ఉంటుంది, గాలికి ఏదో కదిలి ఉంటుంది అనుకున్నాను. దాన్ని ఎత్తి గోడ వైపు తిప్పి, కిటికీకి పూర్తిగా వీపు పెట్టి కూర్చోబెట్టాను. నేను మిషన్ పెట్టుకుని కదలకుండా నిలబడ్డాను. పిల్లి ఒక అడుగు వేసింది. మేస్త్రి అరిచింది, నా తల పగిలినంత గట్టిగా. లాలి గిర్రున తిరిగింది. తిరిగి, మేస్త్రిని చూపించి, తన నోరు అంత పెద్దదిగా తెరిచి చూపించింది నాకు. నేను కూడా తెరిచాను.

కొండమ్మ పరుగెత్తుకుంటూ వచ్చి, "ఆ పిల్లిని ఎల్లగొట్టవేందిరా, పిట్ట భయంతోటి సచ్చేటట్టున్నది" అని చీపురు ఎత్తింది. నేను చీపురు పట్టుకున్నాను. జాలీ గట్టిగా ఉంది, మేస్త్రికి ఏమీ కాదు. పప్పు మాడింది.

ఈ ఉత్తరం రాస్తున్నాను, పిల్లి ఇంకా గోడ మీదే ఉంది. నేను తరమలేదు. ఇంకొకసారి చూడాలి.

దస్రు